పాశమైలారం పొగ, హంస మండలంలో మసక

2011 మార్చిలో హంస మండలంలోని ఒక నక్షత్రం వెలుగు 15 శాతం తగ్గింది. వారం పాటు నింపాదిగా దిగి, రెండు మూడు రోజుల్లో చకచకా పైకి లేచింది. రెండేళ్ల తర్వాత, 2013 ఫిబ్రవరి చివర్లో, ఈసారి 22 శాతం దాకా పడిపోయింది. ఒక్కసారి కాదు, వరసగా ఎగుడుదిగుళ్లతో. నడుమ చిన్నాచితకా తగ్గుదలలు మరికొన్ని. ఏ రెండూ ఒక్క తీరున లేవు. ఏ రెంటి మధ్యా సమానమైన వ్యవధి లేదు.

దీన్ని పట్టుకున్నది కెప్లర్. 2009లో నాసా పంపిన ఈ టెలిస్కోప్ నాలుగేళ్ల పాటు ఆకాశంలో ఒకే తావును చూస్తూ కూర్చుంది. లక్షన్నరకు పైగా నక్షత్రాల వెలుగును అరగంటకొకసారి కొలిచింది. గ్రహం తన నక్షత్రానికి అడ్డంగా పోయినప్పుడు వెలుగు పిసరంత తగ్గుతుంది. కెప్లర్ వెతికింది ఆ పిసరు కోసమే. బృహస్పతి అంతటి గ్రహం సూర్యుడికి అడ్డం వస్తే తగ్గేది ఒక శాతం. భూమి అడ్డం వస్తే శాతంలో వందో వంతు కూడా కాదు. అలాంటిది 22 శాతం. గ్రహమే అయితే మళ్లీ లెక్క ప్రకారం రావాలి, వచ్చిన ప్రతిసారీ అంతే తగ్గించాలి. ఇదేమో తనకు తోచినప్పుడు తోచినంత తగ్గింది.

లెక్క తప్పకుండా వచ్చే తగ్గుదలల కోసమే కంప్యూటర్ ప్రోగ్రాములు రాశారు కాబట్టి అవి దీన్ని పట్టించుకోలేదు. పట్టించుకున్నది మామూలు మనుషులు. ‘ప్లానెట్ హంటర్స్’ అనే కార్యక్రమం కింద ఇళ్లలో కూర్చుని, కెప్లర్ గీసిన గీతలను కంటితో చూసిన ఔత్సాహికులు ‘ఇదేదో తేడాగా ఉంది’ అని గుర్తుపెట్టారు. అప్పట్లో యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న తబేథా బోయజియన్ ఆ మాట పట్టుకుని 2015లో పరిశోధన పత్రం వెలువరించారు. నక్షత్రం జాబితా పేరు కేఐసీ 8462852. వ్యవహారంలో ఆమె పేరు మీదే బోయజియన్ తార అయింది. సూర్యుడి కంటే కాస్త పెద్దది, కాస్త వేడిది. దూరం సుమారు 1,470 కాంతి సంవత్సరాలు. అంటే 2011లో మనకు తెలిసిన ఆ మసక నిజంగా కమ్మింది తెలుగు నేలను విష్ణుకుండినులు ఏలుతున్న కాలంలో.

ఆశ్వయుజ, కార్తిక మాసాల్లో సాయంత్రం చీకటి పడ్డాక ఉత్తరం వైపు చూస్తే హంస మండలం బాగా ఎత్తున ఉంటుంది. పటాన్‌చెరు దగ్గరి ముత్తంగి, ఇస్నాపూర్ వైపు నుంచి చూసేవారికి హైవే దీపాలూ కంపెనీ దీపాలూ దాటుకుని హంస తోకలోని పెద్ద చుక్క ఒక్కటే నమ్మకంగా ఆనుతుంది. బోయజియన్ తార ఏ ఊరి నుంచీ కంటికి ఆనదు. కటిక చీకట్లో మనిషి కన్ను పట్టగల కడపటి చుక్క కన్నా అది దాదాపు రెండు వందల రెట్లు మసక.

ఇక గొడవ మొదలైంది 2015 అక్టోబరులో. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలోని ఖగోళ శాస్త్రవేత్త జేసన్ రైట్, తన సహచరులతో కలిసి ఒక మాట అన్నారు: ఏదైనా నాగరికత తన నక్షత్రం చుట్టూ బ్రహ్మాండమైన కట్టడాలు కట్టుకుంటే, వాటి నీడలు ఇలాగే, ఒక పద్ధతి లేకుండా, పెద్దవిగా పడే వీలుంది. అన్ని సహజ కారణాలూ వీగిపోయాకే గ్రహాంతరవాసుల దగ్గరికి రావాలని కూడా ఆయనే అన్నారు. పత్రికలు మొదటి మాట పట్టుకుని రెండోది వదిలేశాయి. ఆ రెండో మాటే ఈ అధ్యాయానికి ముఖ్యం.

రైట్ ఊహ గాల్లోంచి ఊడిపడలేదు. 1960లో ఫ్రీమన్ డైసన్ ‘సైన్స్’ పత్రికలో రాసిన చిన్న వ్యాసం దానికి మూలం. నాగరికత పెరిగేకొద్దీ శక్తి అవసరం పెరుగుతుంది. చివరికి తన నక్షత్రం వెలుగునంతా పట్టి వాడుకుంటుంది. అలాంటి నాగరికతను వెతకాలంటే వెలుగులో కాదు, వేడిలో వెతకండి అన్నాడు డైసన్. పట్టుకున్న శక్తిని ఎవరూ దాచేయలేరు. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో ఎంత మేలైన టర్బైన్ తయారైనా, అది నడిచే చోట ఆవిరిని చల్లబరిచే ఏర్పాటు లేకుండా నడవదు. తిన్న వేడిలో కొంత విద్యుత్తవుతుంది, మిగిలింది వేడిగానే బయటికి పోతుంది. ఆ విద్యుత్తుతో చేసిన పని కూడా చివరికి వేడే అవుతుంది. ఈ నియమం బీహెచ్‌ఈఎల్‌కు ఎంతో, 1,470 కాంతి సంవత్సరాల అవతలి ఇంజనీర్లకూ అంతే.

కాబట్టి పరీక్ష తేలిక. బోయజియన్ తార వెలుగులో అంత భాగాన్ని చుట్టూ ఉన్న కట్టడాలు మింగుతుంటే, అవి వేడెక్కి పరారుణ కిరణాలు వెదజల్లాలి. స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోప్ కొలతలు 2015లోనే వచ్చాయి. పరారుణంలో ఎక్కువేమీ లేదు. కాలిఫోర్నియాలోని అలెన్ రేడియో టెలిస్కోపులను అటు తిప్పి విన్నారు. ఏమీ వినిపించలేదు. రేడియోలో వినిపించకపోవడం పెద్ద సాక్ష్యం కాదు. వాళ్లు రేడియో వాడకపోవచ్చు. వేడి కనిపించకపోవడం మాత్రం గట్టి దెబ్బ. థర్మోడైనమిక్స్ వాడకుండా ఎవరూ ఉండలేరు.

2016లో కథ ఇంకో మలుపు తిరిగింది. లూసియానాకు చెందిన బ్రాడ్లీ షేఫర్, హార్వర్డ్‌లో భద్రపరచిన పాత ఫొటోగ్రాఫిక్ గాజు పలకలను తీసి చూసి, 1890 నుంచి దాదాపు వందేళ్లలో ఈ తార నెమ్మదిగా మసకబారుతూ వచ్చిందన్నారు. పాత పలకల కొలతల్లో పొరపాటుకు చోటుందని మరికొందరు అడ్డుపడ్డారు. కెప్లర్ చూసిన నాలుగేళ్లలోనూ నెమ్మదైన తగ్గుదల ఉందని ఇంకొకరు చూపించారు.

గాజు పలకల ప్రస్తావన వచ్చింది కాబట్టి మన ఊరి మాట ఒకటి చెప్పాలి. ఆకాశమంతటినీ ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక వేయాలని పందొమ్మిదో శతాబ్దం చివర్లో ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పంచుకున్నాయి. అందులో ఒక వాటా హైదరాబాదుకు వచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో ఇంగ్లండు నుంచి టెలిస్కోపు తెప్పించి మొదలుపెట్టిన నిజామియా వేధశాల, బేగంపేట నుంచి దశాబ్దాల పాటు ఆ పని చేసింది. ఏడు లక్షలకు పైగా నక్షత్రాలను కొలిచి సంపుటాలు అచ్చువేసింది. హైదరాబాదు వాటా ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా. తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల దాకా మరో పట్టీ. బోయజియన్ తార ఉన్నది ఉత్తరాన 44వ డిగ్రీ దగ్గర. అయిదు డిగ్రీల్లో తప్పిపోయింది. లేకుంటే హార్వర్డ్ పలకల మీద వచ్చిన రగడలో బేగంపేట పలకలూ సాక్ష్యం చెప్పి ఉండేవేమో. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారికి ఇలాంటి విషయాలు పరాయివేమీ కావు. 1968 నుంచి జపాల్–రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపుతో వాళ్లు చేసిన పనిలో పెద్ద వాటా, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఒకదాన్నొకటి కమ్మేసే జంట తారల వెలుగును కొలవడమే. వెలుగు తగ్గిన తీరు చూసి అడ్డం వచ్చినదేమిటో చెప్పే విద్య అది.

బోయజియన్ తార విషయంలో కూడా చివరికి పనికొచ్చింది ఆ విద్యే. కెప్లర్‌కు ఒక లోటుండేది: అది వెలుగు మొత్తాన్ని కొలిచేది, రంగులు వేరు చేసేది కాదు. తగ్గుదల జరుగుతున్నప్పుడే నేల మీది టెలిస్కోపులతో రంగురంగుకూ విడిగా కొలిస్తే గుట్టు తేలుతుంది. కానీ తగ్గుదల ఎప్పుడొస్తుందో తెలియని నక్షత్రాన్ని నెలల తరబడి కాపలా కాయడానికి ఏ వేధశాల సమయమిస్తుంది? బోయజియన్ బృందం జనాన్ని అడిగింది. 2016లో దాదాపు 1,700 మంది కలిసి లక్ష డాలర్లకు పైగా పోగేశారు. ఆ డబ్బుతో లాస్ కుంబ్రెస్ సంస్థ టెలిస్కోపుల్లో సమయం కొన్నారు. 2017 మేలో తగ్గుదల మొదలైంది. ఆ ఏడాది నాలుగు వచ్చాయి. అన్నీ చిన్నవే, ఒకటి నుంచి మూడు శాతం లోపు. కానీ ఈసారి చూసేవాళ్లు రంగుల అద్దాలతో సిద్ధంగా ఉన్నారు.

గోడలాంటిది, రేకులాంటిది, ఏ గట్టి కట్టడమైనా సరే, అడ్డం వస్తే ఎరుపూ నీలమూ సమానంగా తగ్గాలి. సన్నటి ధూళి అడ్డం వస్తే నీలం ఎక్కువ తగ్గుతుంది, ఎరుపు తక్కువ తగ్గుతుంది. చలికాలంలో పటాన్‌చెరు మీద సాయంత్రపు సూర్యుడు రాగి బిళ్లలా కనిపించడానికి కారణమైన భౌతికశాస్త్రమే ఇది. 2018 జనవరి మొదటి వారంలో వెలువడిన ఫలితం: నీలం ఎక్కువ తగ్గింది. మైక్రాన్ కన్నా చిన్న కణాల ధూళి. నెమ్మదిగా మసకబారడంలో కూడా అతినీలలోహితం ఎక్కువగా, పరారుణం తక్కువగా తగ్గుతోందని మరో బృందం అంతకు ముందే, 2017లో, తేల్చింది. అదీ ధూళి లక్షణమే.

ధూళి అనగానే కొందరు నిరుత్సాహపడ్డారు. నాకైతే ఇది ఇంకా బాగుంది. అంత సన్నటి ధూళిని నక్షత్రం వెలుగే నెట్టేస్తుంది. అది ఎక్కువ కాలం అక్కడ నిలవదు. అయినా ఉందంటే ఎక్కణ్నుంచో కొత్తగా వస్తూనే ఉండాలి. తోకచుక్కల గుంపు చితుకుతోందా, ఏ గ్రహం నుంచో ఊడిన చందమామ ముక్కలవుతోందా అన్న వాదన ఇంకా తెగలేదు. గ్రహాంతరవాసులను బయటికి పంపినంత మాత్రాన కేసు మూసేసినట్టు కాదు.

ఇలాంటి కేసుల్లో ఆలోచించే పద్ధతి పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో బతికేవారికి ఒకరు నేర్పాల్సింది కాదు. బొల్లారంలోనో గడ్డపోతారంలోనో అర్ధరాత్రి ఘాటైన వాసన వచ్చిందనుకోండి. వాసన వింతగా ఉందన్నది ఏ కంపెనీ మీదా సాక్ష్యం కాదు. కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) వాళ్లు వస్తే అడిగేవి వేరు: గాలి ఎటునుంచి వీచింది? ఏ రసాయనం? అది ఎన్ని రకాల తయారీలో పుడుతుంది? ఒక్క తయారీలోనే పుట్టేదైతే ఆ రాత్రి ఆ రియాక్టర్ నడిచిందా? అసలు కొలిచిన మీటరు సరిగానే ఉందా? ఈ చివరి ప్రశ్నను ముందు అడగాలి. అందరికంటే ముందు అనుమానించాల్సిన ముద్దాయి ఎప్పుడూ మన సొంత పరికరమే.

ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపు చాలా ఏళ్లు కొన్ని వింత రేడియో మెరుపులను పట్టింది. 2015లో తేలిందేమిటంటే, వేధశాలలో ఎవరో మైక్రోవేవ్ పొయ్యి ఆగకముందే తలుపు తెరుస్తున్నారు. ఆ పొయ్యి కథ విని నవ్వడం సులువు. దాన్ని పట్టుకోవడానికి ఎంత ఓపిక పట్టిందో ఆ పరిశోధకులకే తెలుసు.

పరికరాన్ని వదిలేసి ప్రకృతి దగ్గరికొస్తే, ఈ విషయంలో అన్నిటికంటే గొప్ప పాఠం 1967 నవంబరు నాటిది. కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిని జోసెలిన్ బెల్ ఒక రేడియో సంకేతాన్ని చూశారు. 1.337 సెకన్లకొకసారి టక్, టక్, టక్. గడియారం కూడా అంత నిక్కచ్చిగా ఉండదు. తమలో తాము నవ్వుకుంటూ దానికి ‘చిన్న ఆకుపచ్చ మనుషులు’ అని పేరు పెట్టుకున్నారు. కానీ నవ్వుతూనే రెండు పరీక్షలు పెట్టారు. సంకేతం ఏ గ్రహం మీది నుంచో వస్తుంటే, ఆ గ్రహం తన సూర్యుడి చుట్టూ తిరిగే కొద్దీ టక్‌టక్‌ల నడుమ వ్యవధి పెరిగి తగ్గాలి. అలాంటి మార్పు భూమి తిరగడం వల్ల వచ్చింది తప్ప వేరే లేదు. రెండోది: డిసెంబరులో ఆకాశంలో ఇంకో మూల అలాంటిదే మరొకటి దొరికింది. వేర్వేరు మూలల్లో ఉన్న రెండు నాగరికతలు ఒకేసారి, ఒకే పద్ధతిలో, మనకే సంకేతాలు పంపుతాయా? 1968 ఫిబ్రవరిలో పల్సార్ల ఆవిష్కరణ లోకానికి తెలిసింది. గిరగిర తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలవి.

అలా గ్రహాంతరవాసులన్న అనుమానం మీద కొన్ని వారాలు బోనులో నిలబడిన పల్సార్లు ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో పనికొస్తున్నాయి. కంది దగ్గర ఉన్న హైదరాబాద్ ఐఐటీలో శంతను దేశాయి, ఆయన విద్యార్థులు భారత పల్సార్ టైమింగ్ బృందంలో సభ్యులు. పుణె దగ్గరి జీఎంఆర్టీ రేడియో టెలిస్కోపులు పట్టిన పల్సార్ల టక్‌టక్‌లను గడియారాలుగా వాడుకుంటారు. ఆ గడియారాలు సెకనులో పది లక్షల వంతు పాటి ముందూ వెనకా అవుతుంటే, నడుమ గురుత్వ తరంగం సాగిపోయిందని లెక్క కడతారు. 2023 జూన్ 29న ప్రపంచంలోని ఇలాంటి పలు బృందాలు ఒకేసారి, మహా కృష్ణబిలాల జంటల నుంచి వస్తున్నట్టు తోచే తరంగాల రొదకు ఆధారాలు చూపించాయి. భారత బృందం యూరప్ బృందంతో జతకట్టింది. వింతను దేవుడికో గ్రహాంతరవాసికో అప్పగించి ఊరుకుని ఉంటే ఈ విద్య పుట్టేది కాదు.

మరి గ్రహాంతరవాసుల మాట ఎత్తడమే తప్పా? కాదు. తప్పల్లా, ఏ వింతనైనా వివరించేలా ఆ మాట వాడటం. ‘వాళ్లు మనకన్నా తెలివైనవాళ్లు, వేడిని కూడా దాచేయగలరు’ అన్నామంటే ఇక ఏ కొలతా మనల్ని తప్పని చెప్పలేదు. అలాంటి మాటకు సైన్సులో విలువ సున్నా. డైసన్ మాటకు విలువ ఎందుకంటే, వేడి కనిపించకపోతే నేను ఓడాను అని ముందే ఒప్పుకుంది. 2024లో ఒక యూరప్ బృందం 50 లక్షల నక్షత్రాలను వడపోసి, వేడి అనుమానంగా ఎక్కువున్న ఏడింటిని పక్కకు తీసింది. నెలైనా తిరగకుండానే ఇంకొకరు, వాటిలో మూడింటి వెనక ధూళి నిండిన దూరపు గెలాక్సీలు సరిగ్గా అదే వరసలో ఉన్నాయని చూపించారు. మళ్లీ ధూళే.

కెనడాలోని లావల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎర్మానో బోరా, ఎరిక్ ట్రాటియే 2016లో ఇంకో దారిలో వచ్చారు. 25 లక్షల నక్షత్రాల వర్ణపటాలను గణితంతో జల్లించి, 234 నక్షత్రాల్లో ఒక క్రమమైన అలజడి ఉందన్నారు. సెకనులో లక్ష కోట్లవ వంతుకు దగ్గరి వ్యవధితో వెలిగే లేజరు మెరుపులు అలాంటి గుర్తే వేస్తాయని బోరా అంతకు నాలుగేళ్ల ముందే రాసి ఉంచారు. ముందే చెప్పి తర్వాత వెతకడం మెచ్చుకోదగ్గ పద్ధతి. కానీ కొలతలన్నీ ఒకే సర్వే పరికరానివి. గ్రహాంతర నాగరికతలను వెతికే ‘బ్రేక్‌త్రూ లిజన్’ వాళ్లు, ఇలాంటి మాట నమ్మాలంటే వేరే టెలిస్కోపు, వేరే పద్ధతి అదే చెప్పాలన్నారు. దాని ప్రాముఖ్యాన్ని పది మార్కుల రియో కొలబద్ద మీద సున్నాకూ ఒకటికీ నడుమ పెట్టారు. నా తూకం కూడా అంతే.

జీవం గుర్తుల విషయంలోనూ ఇదే మడత. 2025 ఏప్రిల్‌లో నిక్కు మధుసూదన్ కేంబ్రిడ్జి బృందం, కే2-18బీ అనే గ్రహం గాలిలోంచి వడగట్టుకు వచ్చిన నక్షత్రకాంతిలో డైమిథైల్ సల్ఫైడ్ ఛాయలు చూశామంది. మన సముద్రాల్లో ఆ వాయువు సూక్ష్మజీవుల పని. అయితే అదే పదార్థం జీవం ఊసే లేని ఒక తోకచుక్క మీద కూడా ఉందని 2024లో బయటపడింది. ఒక్క తయారీలోనే పుట్టే రసాయనం అయితేనే సాక్ష్యం అవుతుందని బొల్లారం దగ్గర అనుకున్నాం కదా.

అయితే నాగరికతకు మాత్రమే సొంతమైన రసాయనం ఏది? ఇక్కడే పటాన్‌చెరు కథలోకి నేరుగా వస్తుంది.

పాశమైలారం, బొల్లారం, ఇక్రిశాట్ ఆవరణ, కంది ఐఐటీ. ఈ చోట్ల కాలుష్య నియంత్రణ మండలి గాలి నాణ్యతా కేంద్రాలు కొలిచే వాయువుల్లో నైట్రోజన్ డయాక్సైడ్ ఒకటి. బాయిలర్లు, డీజిల్ జనరేటర్లు, 65వ నంబరు హైవే మీది లారీలు, ఎక్కడ మంట బాగా వేడిగా మండితే అక్కడ గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి ఇది పుడుతుంది. ఘనమీటరు గాలిలో ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ఈ వాయువుకు ఒక గుణం ఉంది: ఊదా, నీలం కాంతిని బాగా మింగుతుంది. అందుకే దాన్ని అంతరిక్షం నుంచి కూడా కొలవొచ్చు. 2017లో యూరప్ పంపిన సెంటినెల్-5పీ ఉపగ్రహం, భూమి మీద పడి తిరిగొచ్చే ఎండలో ఆ రంగులు ఎంత తగ్గాయో చూసి, ఏ ఊరి మీద ఎంత నైట్రోజన్ డయాక్సైడ్ ఉందో పటం గీస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో మన నగరాల మీద ఆ మరకలు పలచబడటం ప్రపంచమంతా చూసింది.

ఇదే పని దూరపు గ్రహానికి చేస్తే? నాసా గొడార్డ్ కేంద్రంలో పనిచేసే రవికుమార్ కొప్పరపు ఈ ప్రశ్న వేసుకున్నారు. ఈ తెలుగు ఇంటిపేరు ఖగోళ శాస్త్రంలో తెలియనివారు తక్కువ. నక్షత్రానికి ఎంత దూరంలో ఉంటే గ్రహం మీద నీళ్లు నీళ్లుగా నిలుస్తాయో 2013లో ఆయన బృందం కట్టిన లెక్కనే ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. 2021లో ఆయన, సహచరులు వెలువరించిన పత్రం సారాంశం ఇది: సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ, 33 కాంతి సంవత్సరాల దూరంలో, ఇవాళ్టి భూమి అంత నైట్రోజన్ డయాక్సైడ్ ఉన్న గ్రహం ఉంటే, 15 మీటర్ల అద్దమున్న అంతరిక్ష టెలిస్కోపు సుమారు 400 గంటలు చూస్తే పసిగట్టగలదు. అంత అద్దం ఇంకా ఎవరి దగ్గరా లేదు. జేమ్స్ వెబ్‌ది ఆరున్నర మీటర్లు.

ఈ వాయువును ఎంచుకోవడంలో తెలివి ఏమిటంటే, పగటి ఎండలో అది కొన్ని గంటలకు మించి బతకదు. కాబట్టి గ్రహం మొత్తం గాలిలో కనబడేంత ఉందంటే ఎవరో, ఏదో, ఆపకుండా విడుస్తూనే ఉండాలి. చిక్కు ఏమిటంటే, పిడుగులూ దీన్ని పుట్టిస్తాయి, అగ్నిపర్వతాలూ మట్టిలోని సూక్ష్మజీవులూ పుట్టిస్తాయి. మేఘాలూ ధూళీ దాని గుర్తును పోలిన గుర్తు వేయగలవు. ఇవన్నీ ఎంత పుట్టించగలవో లెక్క కట్టి, అంతకు మించి ఉంటేనే అనుమానించాలని ఆ పత్రమే చెప్పింది. భూమి మీద మాత్రం నాలుగింట మూడు వంతులు మన పరిశ్రమలూ బళ్లూ చేసిందే.

దారి తెరుచుకున్నాక ఇంకా పత్రాలు వచ్చాయి. ఫ్రిజ్‌లలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లను వెతకాలని 2014లోనే హార్వర్డ్ వాళ్లు అన్నారు. వాటికి సహజ మూలం దాదాపు లేదు కాబట్టి సాక్ష్యంగా మరింత గట్టివి. ఎరువులు చల్లే గ్రహం గాలిలో అమోనియా, నైట్రస్ ఆక్సైడ్ రెండూ కలిసి కనిపించాలని 2022లో ఇంకో లెక్క వచ్చింది. అందులోనూ కొప్పరపు ఉన్నారు. 1972 నుంచి పంటల మీద పరిశోధన చేస్తున్న ఇక్రిశాట్ పక్కనే రసాయన కర్మాగారాలున్న పటాన్‌చెరు మండలం, ఈ వాదనల ప్రకారం, ఒకేచోట రెండు రకాల గుర్తులు వేస్తున్న నేల.

2024 నాటి పత్రం డైసన్‌కే ఎసరు పెట్టింది. సౌర ఫలకాలను దూరం నుంచి గుర్తుపట్టగలమా అని కొప్పరపు బృందం చూసింది. నేలలో 23 శాతం ఫలకాలతో కప్పేసినా, ఎనిమిది మీటర్ల టెలిస్కోపుకు వందల గంటలు పడుతుంది. పైగా 3,000 కోట్ల జనాభాకు దర్జాగా బతికేంత విద్యుత్తు ఇవ్వడానికి నేలలో తొమ్మిది శాతం కప్పినా చాలు. అంటే సుఖంగా బతికే నాగరికతకు నక్షత్రాన్ని చుట్టేసే అవసరం ఎప్పటికీ రాకపోవచ్చు. డైసన్ అనుకున్నట్టు అందరి ఆకలీ పెరుగుతూ పోదు. మనం వెతుకుతున్న గుర్తులు అసలు పుట్టనే పుట్టకపోవచ్చన్నమాట.

పొగ విషయంలో ఇది ఇంకా పదునుగా తగులుతుంది. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ వయసు అర్ధ శతాబ్దం. ఆ అర్ధ శతాబ్దంలో నక్కవాగు నీళ్లు, బోర్ల నీళ్లు, పిల్లల ఊపిరితిత్తులు మూల్యం కట్టాయి. ఇక్కడి జనం కోర్టుల దాకా వెళ్లి అడిగింది ఆ పొగ, ఆ వ్యర్థజలాలు ఆగిపోవాలనే. వాళ్లు గెలిచి, అలాగే ప్రపంచమంతా గెలిస్తే, భూమి ఆ 15 మీటర్ల అద్దానికి కనిపించడం మానేస్తుంది. కనుక నైట్రోజన్ డయాక్సైడ్ వెతుకులాటలో చిక్కేది, మంట కనిపెట్టి దాన్ని శుభ్రం చేసుకోవడం ఇంకా నేర్వని నాగరికతే. కోట్ల ఏళ్ల గ్రహం బతుకులో ఆ దశ రెండు మూడు శతాబ్దాలు. మనం చూసే క్షణంలోనే వాళ్లు ఆ దశలో ఉండాలి. ఈ మాట చెప్పినప్పుడు కొందరు ‘అయితే కాలుష్యం ఉండనిద్దాం’ అని చమత్కరిస్తారు. ఆ చమత్కారం పటాన్‌చెరులో చెల్లదు.

బోయజియన్ తార దగ్గర నుంచి ఎవరైనా ఇవాళ మనవైపు టెలిస్కోపు తిప్పితే వాళ్లకు కనిపించేది 1,470 ఏళ్ల కిందటి భూమి. ఆ గాలిలో బాయిలరు పొగ లేదు, ఫ్రిజ్ వాయువు లేదు, సోడియం దీపాల పసుపు లేదు. వాళ్ల శాస్త్రవేత్తలు ఎంత జాగ్రత్తగా కొలిచినా, అక్కడ ఎవరూ లేరని రాసుకుంటారు. అప్పటికే అమరావతి స్తూపానికి ఎన్నో వందల ఏళ్లు. మన పట్టికల్లో ‘ఏమీ లేదు’ అని రాసుకున్న నక్షత్రాలన్నిటికీ ఈ మినహాయింపు వర్తిస్తుంది.

నా తీర్పు అడిగితే ఇంతే: ఇప్పటిదాకా వచ్చిన వింత వెలుగుల్లో ఒక్కటి కూడా గ్రహాంతర నాగరికతకు సాక్ష్యం కాదు. బోయజియన్ తారది ధూళి. బోరా మెరుపులు రెండో పరికరం సాక్ష్యం లేనివి. అయినా అనుమానించి పరీక్షించినవాళ్లు సమయం వృథా చేయలేదు. అనుమానం లేకపోతే 1,700 మంది డబ్బులిచ్చేవారు కాదు, రంగుల కొలతలు వచ్చేవి కావు. నైట్రోజన్ డయాక్సైడ్ లాంటి గుర్తులను నిజంగా వెతకగల టెలిస్కోపును నాసా 2040లలో పంపాలని ఆలోచిస్తోంది.

అంతవరకూ ఆగక్కర్లేదు. కెప్లర్ కొలతలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. దాని తర్వాత వచ్చిన టెస్ టెలిస్కోపు గీతలను చూసి పెట్టమని ‘ప్లానెట్ హంటర్స్ టెస్’ పేరుతో 2018 నుంచి జూనివర్స్ వేదికలో జనాన్ని అడుగుతున్నారు. డిగ్రీ అక్కర్లేదు, ఇంగ్లిషు కొద్దిగా చదవగలిగితే, ఫోను ఉంటే చాలు. సంగారెడ్డిలోనో సదాశివపేటలోనో పదో తరగతి చదివే పిల్లలున్న ఇల్లు మీదైతే ఒక ఆదివారం కూర్చోబెట్టి చూపించండి. తేడాగా తోచిన గీత కనిపిస్తే గుర్తుపెట్టమనండి. అది ఎవరి పని అన్నది మాత్రం రంగులు కొలిచాక మాట్లాడదాం.